ఆరు వందల తొంభై వాట్లు

"నేను పెట్టను మేడమ్. ఇంకో నూరుసార్లు అడిగినా పెట్టను."

ఈశ్వరయ్య తన ముందున్న కాగితాన్ని ఒక్క వేలితో బల్ల అవతలికి నెట్టేశాడు. అరబ్బీలో టైపు చేసిన నాలుగు పంక్తులు, కింద సంతకానికి ఒక గీత. ఆదివారం సాయంత్రం నుంచి ఆ గీత ఖాళీగానే ఉంది. ఇవాళ మంగళవారం.

అరుణజ్యోతి గోడ గడియారం చూసింది. మధ్యాహ్నం రెండూ ఇరవై. ఐదింటికి ఇతన్ని మఖ్‌ఫర్‌కి, అంటే పోలీసుస్టేషనుకి తీసుకెళ్లి అప్పగిస్తారు. దొంగతనం కేసు పడితే ఇఖామా, ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, పోతుంది. ఆ తర్వాత నిజం ఎవరు కనిపెట్టినా ఈశ్వరయ్యకి ఒరిగేదేమీ ఉండదు.

ఆమె పోలీసు కాదు. బీమా కంపెనీకి వచ్చిన క్లెయిములు నిజమైనవో కావో తేల్చే ఇన్వెస్టిగేటరు. అమలాపురం నుంచి వచ్చి పదకొండేళ్లుగా కువైత్‌లో అదే పని చేస్తోంది. సబ్హాన్‌లోని సదఫ్ ఎలక్ట్రానిక్స్ గోడౌన్ నుంచి ఆరు గ్రాఫిక్స్ కార్డులు పోయాయని క్లెయిమ్ రావడంతో ఇక్కడికి వచ్చింది. ఆరూ 5090లు. ఆటల కోసం కంప్యూటర్‌లో బిగించుకునే కార్డుల్లో ఇంతకన్నా బలమైనది ఇప్పుడు బజారులో లేదు. ఒక్కోటి పెట్టెతో కలిపి మూడు కిలోలు తూగుతుంది.

"ఆదివారం జరిగింది మళ్లీ చెప్పండి ఈశ్వరయ్య గారూ."

"మళ్లానా?"

"మళ్లీ. మొదట్నుంచీ."

రాజంపేట పక్క పల్లెకు చెందిన ఆ వ్యాను డ్రైవరు రెండు చేతులూ బల్ల మీద పెట్టి ముందుకు వంగాడు. "పన్నెండు ముక్కాలుకి డెలివరీకి బయల్దేరతా ఉన్నా. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంటికి టీవీ ఇయ్యాల. గోడౌన్ ఎనకాల చెత్తలో అట్టపెట్టె కనపడె. గట్టిది. ఇంటికి కార్గో కట్టుకునేదానికి పనికొస్తాదని యాన్‌లో ఏసుకున్నా. దాంట్లో ముందు ఏముండెనో నాకేం తెల్సు?"

"పెట్టె బరువుందా?"

"దూది మాదిరి ఉండె మేడమ్. వట్టిపెట్టె."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. సదఫ్ కంపెనీ సెక్యూరిటీ మేనేజరు ఉదయ్‌కుమార్ తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ కాగితం టైపు చేయించింది అతనే.

"వట్టిపెట్టె అని ఇప్పుడంటాడు మేడమ్. మూడూ పదిహేనుకి కార్డులు లేవని తెలిసింది. మూడూ నలభైకి వ్యాను తిరిగొచ్చింది. వెనకాల ఈ పెట్టె ఉంది. దాని మీద పోయిన కార్డుల లేబులుంది. ఇంకేం కావాలి మీకు? ఆ సంతకం పెట్టించి మీరు బయల్దేరితే అందరికీ మంచిది."

"గేటు కెమెరా చూపించండి."

అతను విసుగ్గా ఫోను తెరిచాడు. పన్నెండూ యాభై. ఈశ్వరయ్య పెట్టెను ఒక అంచు పట్టుకుని, ఒంటి చేత్తో ఊపుకుంటూ వచ్చి వ్యాన్‌లోకి విసిరేశాడు.

"పద్దెనిమిది కిలోల సరుకుని ఇలా విసురుతారా?"

"కార్డులు ముందే వ్యాన్‌లో దాచుంటాడు. పెట్టె తర్వాత వేశాడు. ఇది కూడా నేనే చెప్పాలా?"

"దాచినట్టు కెమెరాలో ఉందా?"

"వెనక వైపు కెమెరా లేదు."

"అయితే మీరు చెప్పేది ఊహ. నేను ఊహల మీద రిపోర్టు రాయను." అరుణజ్యోతి ఆ అరబ్బీ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, తిరగేసి, వెనక తెల్లటి వైపున పెన్నుతో రాసుకుంది. పన్నెండూ యాభై, వ్యాను బయటికి. మూడూ పదిహేను, కార్డులు లేవు. మూడూ నలభై, వ్యాను లోపలికి.

ఉదయ్‌కుమార్ తలుపు వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. "అది కంపెనీ కాగితం!"

"సంతకం లేని కాగితం చిత్తుకాగితమే. మూడూ పదిహేను తర్వాత గేటు దాటి ఏమేం వెళ్లాయి?"

"ఏదీ వెళ్లలేదు. యజమాని కొడుకు అప్పట్నుంచీ గేటు దగ్గరే ఉన్నాడు. నా కారుతో సహా అన్నీ విప్పి చూస్తున్నాడు."

"ఆదివారం ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"నన్నడుగుతున్నారా?"

"అందర్నీ అడుగుతాను. మీరు గుమ్మంలో ఉన్నారు కాబట్టి ముందు మిమ్మల్ని."

"ఒంటిగంట నుంచి రెండింటి దాకా లంచ్. పైన డెమో రూంలో ప్లేస్టేషన్ ఆడుకుంటున్నాను. సాయిబాబుని అడగండి. నాకు తాళం ఇచ్చి తినడానికి వెళ్లాడు."

అరుణజ్యోతి లేచింది. ఈశ్వరయ్య కూడా లేవబోతే ఉదయ్‌కుమార్ అతని భుజం మీద చెయ్యేసి కుర్చీలో కూలేశాడు. ఈశ్వరయ్య ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"నేను యాడికీ పోను సార్. పారిపోతే దొంగనంటారు. ఈడనే కూర్చుంటా. నువ్వే చూసుకో."

డెమో రూం మొదటి అంతస్తులో ఉంది. కొనడానికొచ్చే దుకాణాల వాళ్లకి సరుకు పనితీరు చూపించే గది అది. గోడకి పెద్ద టీవీ, దాని కింద బల్ల. బల్ల మీద ఒక గేమ్ కన్సోలు, పక్కనే మూత లేకుండా బిగించిన పరీక్షల కంప్యూటరు. ఎదురు గోడకి పన్నెండు కన్సోలు పెట్టెలు అందంగా పేర్చి ఉన్నాయి.

ఆ గది చూసుకునే సాయిబాబు రాజోలువాడు. ఆమెది అమలాపురమని తెలియగానే కుర్చీ తుడిచి మరీ వేశాడు. కానీ ఉదయ్‌కుమార్ లోపలికి రాగానే అతని నోరు సగం మూతపడింది.

"సాయిబాబు గారూ, ఆదివారం తాళం ఈయనకి ఇచ్చారా?"

"ఆయ్, ఒంటిగంటకి ఇచ్చేనండి. రెండుంబావుకి తిరిగొచ్చేనండి."

"వచ్చేసరికి గదిలో ఏమైనా తేడా కనిపించిందా?"

సాయిబాబు ఉదయ్‌కుమార్ వైపు ఒకసారి చూశాడు. "గది వేడిగా ఉందండి. ఏసీ నడుస్తానే ఉంది, అయినా పొయ్యి ఎలిగించినట్టుందండి."

"వేసవి కదా మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్.

అరుణజ్యోతి వంగి బల్ల కింద చూసింది. నల్లటి యూపీఎస్ పెట్టె ఒకటి ముందున్న చిన్న తెర మీద పచ్చటి అంకె చూపిస్తోంది. ప్రస్తుతం పదిహేను వాట్లు.

"దీన్నుంచి ఏమేం నడుస్తాయి?"

"కన్సోలు, కంప్యూటరు. ఆ రెండేనండి. టీవీ గోడప్లగ్గు మీద ఉంటాదండి."

"ఎప్పుడెంత కరెంటు వాడారో ఇది గుర్తు పెట్టుకుంటుందా?"

"నిమిషానికోసారి రాసుకుంటాదండి. నెల్రోజుల లెక్క దాంట్లోనే ఉంటాది."

ఉదయ్‌కుమార్ ముఖంలో మొదటిసారి రంగు మారింది. ఆ సంగతి అతనికి తెలియదని అరుణజ్యోతికి అర్థమైంది.

"అది కంపెనీ ఆస్తి మేడమ్. పర్మిషన్ లేకుండా తెరవడానికి వీల్లేదు."

"సరే. సాక్ష్యం చూపించడానికి కంపెనీ ఒప్పుకోలేదు అని రాసి క్లెయిమ్ ఇక్కడే మూసేస్తాను. గేటు దగ్గరున్న యజమాని కొడుక్కి ఆ మాట మీరు చెబుతారా, నేను చెప్పనా?"

అతను బల్ల దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. సాయిబాబు తన ల్యాప్‌టాప్ నుంచి యూపీఎస్‌కి తీగ కలిపి ఆదివారం లెక్క తెరిచాడు.

తెర మీద ఒక గీత. పన్నెండున్నర నుంచి చదునుగా సాగుతూ వచ్చిన గీత, ఒంటిగంటా నాలుగుకి ఒక్కసారి నిటారుగా లేచింది. ఆరు వందల తొంభై వాట్లు. ఏడు నిమిషాలు అలాగే నిలబడి, ఒంటిగంటా పదకొండుకి పదిహేనుకి పడిపోయింది. మూడు నిమిషాల తర్వాత మళ్లీ లేచింది. మళ్లీ ఏడు నిమిషాలు. మళ్లీ పడింది. చివరిసారి రెండూ ఒకటికి పడ్డాక ఇంక లేవలేదు.

"ఇదేంటి ఉదయ్‌కుమార్ గారూ?"

"చెప్పాను కదా, ఆడుకుంటున్నాను. గేమ్ ఆడితే కరెంటు లాగదా?"

"ప్లేస్టేషన్ ఆరు వందల తొంభై వాట్లు లాగుతుందా?"

"ఫోర్‌కే బొమ్మ ఊరికే వస్తుందా? ఏ కాలంలో ఉన్నారు మీరు? ఇప్పుడు కన్సోలైనా పీసీ అయినా ఒకటే బలం. ఏ యాడ్ చూసినా అదే చెబుతుంది."

అరుణజ్యోతికి నవ్వొచ్చింది. పోయిన ఏడాది సరిగ్గా ఈ మాట మీదే ఆమెకీ ఆమె భర్తకీ మూడు వారాలు యుద్ధం నడిచింది. కన్సోలు కొనాలా, కంప్యూటర్‌కి మంచి కార్డు వేయించాలా అని. ఆమె వంద వీడియోలు చూసి, కార్డుల బలం, కరెంటు, వేడి అన్నీ పోల్చి చూసి చివరికి కన్సోలే కొంది. ఎందుకు కొందో ఆ అంకెలు ఇంకా నోటికి వచ్చు.

"యాడ్లు వదిలేయండి. ఇక్కడే చూద్దాం. సాయిబాబు గారూ, మీ దగ్గరున్న వాటిలో కన్సోలుకి చెమటలు పట్టించే గేమ్ ఏదో అది పెట్టండి."

టీవీలో వానలో తడుస్తున్న నగరం, దాంట్లో దూసుకుపోతున్న కారు. ముగ్గురూ బల్ల కింద పచ్చటి అంకె వైపు చూశారు. నూట తొంభై. రెండు వందల ఆరు. అక్కడే ఆగింది.

"ఇంకోటి."

ఇంకో గేమ్. రెండు వందల పద్నాలుగు. అంతకు మించి ఒక్క వాటు ఎక్కలేదు.

"ఎందుకెక్కట్లేదో చెప్పండి."

ఈ ప్రశ్నకి సాయిబాబు భయం మర్చిపోయాడు. అది అతని పని. "కన్సోల్లో ఉండేది మధ్యరకం కార్డంత బలమండి. కానీ మహా తెలివైందండి. బొమ్మని చిన్నగా గీసి, సాగదీసి పెద్దగా చూపెడతాది. సోఫాలో కూచున్నోళ్లకి తేడా తెలీదు. 5090 అలాక్కాదండి. ఆ వాననీళ్లలో మెరుస్తున్న లైట్లు చూసేరా, అలాంటి ఒక్కో మెరుపునీ ఎక్కణ్ణించి ఏ ఏటవాలుగా వచ్చిందో లెక్క కట్టి మరీ గీస్తాదండి. అందుకే దానొక్కదానికే అయిదొందల డెబ్బయ్యయిదు వాట్లు కావాలి. మిగతా కంప్యూటరుతో కలిపితే..." అని గీత వైపు చూసి ఆగిపోయాడు.

"కలిపితే?"

"ఏడొందలకి అటూ ఇటూ అండి."

ఉదయ్‌కుమార్ గట్టిగా నవ్వబోయాడు. "కంప్యూటర్లో కూడా ఆడాను. దాంట్లో ఓ కార్డు ఎప్పుడూ ఉంటుంది కదా."

"నడపండి సాయిబాబు గారూ." కంప్యూటర్లో ఉన్నది మామూలు కార్డు. ఎంత బరువు పెట్టినా రెండు వందల ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

"రెండూ కలిపి ఆన్ చేశాను!"

"రెండూ కలిపే నడపండి."

నాలుగు వందల నలభై అయిదు.



"ఇంకా రెండు వందల నలభై అయిదు వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?" అంది అరుణజ్యోతి. "ఈ గదిలో ఉన్న ఏ వస్తువూ ఆ అంకె చూపించలేదు. పోయిన కార్డు ఒక్కటే చూపించగలదు. గీత ఎన్నిసార్లు లేచింది సాయిబాబు గారూ?"

అతను వేలితో లెక్కపెట్టాడు. "ఆరండి."

"పోయిన కార్డులు?"

"ఆరండి." రెండోసారి ఆ మాట అతని గొంతులోంచి గుసగుసగా వచ్చింది.

"ఒక్కో కార్డు బిగించడం, ఏడు నిమిషాలు నడపడం, తీసేసి ఇంకోటి బిగించడం. కొనేవాడికి ఫోన్‌లో చూపిస్తున్నారన్నమాట, ఆరూ పనిచేస్తున్నాయని. ఈశ్వరయ్య వ్యాను గేటు దాటింది పన్నెండూ యాభైకి. మొదటి కార్డు ఇక్కడ వెలిగింది ఒంటిగంటా నాలుగుకి. తాళం మీ జేబులో ఉంది ఉదయ్‌కుమార్ గారూ."

అతను తేరుకున్నాడు. తేరుకోవడమే కాదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కూడా. "బాగుంది కథ. కార్డులేవి మేడమ్? వస్తువు లేకుండా మీ గీత పట్టుకుని మఖ్‌ఫర్‌కి వెళ్తే వాళ్లు టీ ఇచ్చి పంపిస్తారు."

"రెండూ ఒకటికి పరీక్ష అయిపోయింది. రెండుంబావుకి సాయిబాబు వచ్చేశారు. మూడూ పదిహేనుకి గేటు మూసేశారు. అప్పట్నుంచీ మీ కారు కూడా విప్పి చూస్తున్నారని మీరే చెప్పారు. అంటే కార్డులు బయటికి వెళ్లే వీలు చిక్కలేదు. పద్నాలుగు నిమిషాల్లో ఎంత దూరంలో దాచగలరు?"

ఆమె చూపు ఎదురు గోడ మీదికి వెళ్లింది. పన్నెండు కన్సోలు పెట్టెలు.

"వాటిలో ఏముంది?"

"ఏం లేదండి, డిస్‌ప్లేకి పెట్టిన వట్టిపెట్టెలండి," అన్నాడు సాయిబాబు.

మొదటి పెట్టెను ఒంటి చేత్తో ఎత్తింది. తేలిగ్గా లేచింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగో పెట్టె దగ్గర ఆమె మణికట్టు కిందికి లాగింది. ఉదయ్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఆమె ఆగలేదు. మూత విప్పింది. బుడగల కవరులో చుట్టిన, మూడేసి ఫ్యాన్లున్న నల్లటి కార్డులు రెండు. తొమ్మిదో పెట్టెలో రెండు. పదకొండో పెట్టెలో రెండు.

"ఓరి నాయనో," అన్నాడు సాయిబాబు. పన్నెండు గంటల పాటు రోజూ ఆ పెట్టెల పక్కనే కూర్చుంటున్నాడతను.

అరుణజ్యోతి ఫోను తీసి కార్డుల వెనకున్న సీరియల్ నంబర్లు ఒక్కొక్కటే ఫోటో తీసింది. క్లెయిమ్ పత్రంలోని నంబర్లతో పోల్చింది. మొదటిది సరిపోలేదు. రెండోదీ సరిపోలేదు. ఆరింటిలో ఒక్కటీ సరిపోలేదు.

"చూశారా?" ఉదయ్‌కుమార్ గొంతులో ఆశ తిరిగొచ్చింది. "ఇవి కంపెనీ పాత స్టాకు. మీ క్లెయిముకీ వీటికీ సంబంధం లేదు." మాట్లాడుతూనే అతను ఫోన్‌లో ఏదో టైపు చేసి పంపాడు.

పాత స్టాకు. ఆ మాట ఆమె మెదడులో ముల్లులా దిగింది. నంబర్ల మొదటి నాలుగు అక్షరాలూ ఎక్కడో చూసింది. చూడటం కాదు, తన చేత్తో టైపు చేసింది. ఫోన్‌లో పాత క్లెయిములు తెరిచి వెతికింది. పోయిన ఏడాది ఏప్రిల్. ఇదే కంపెనీ, పాత గోడౌను, అగ్నిప్రమాదం. కాలి బూడిదైన గ్రాఫిక్స్ కార్డులు ముప్పై. జాబితాలో ఏడో నంబరు, పదకొండు, పన్నెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, ముప్పై.

ఆరూ ఉన్నాయి.

పోయిన ఏడాది కాలిపోయిన కార్డులు ఈ ఏడాది దొంగతనానికి గురయ్యాయి. కొత్త కార్డులనేవి ఈ గోడౌనుకి రానేలేదు. వచ్చింది కొత్త లేబులు అంటించిన వట్టిపెట్టె ఒక్కటే. దాన్ని ఎవడో ఒకడు ఏరుకునేలా చెత్తలో పడేశారు. ఒకే సరుకు మీద రెండుసార్లు బీమా, ఆ పైన సరుకు అమ్మకం. మధ్యలో జైలుకి ఒక డ్రైవరు. యజమాని కొడుక్కి ఇది తెలిసుంటే, గేటు దగ్గర నిలబడి ఉదయ్‌కుమార్ కారు కూడా విప్పి చూసేవాడు కాదు.

"పూర్తిగా కిందికి చదవండి మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్. ఇప్పుడతని గొంతు మెత్తగా ఉంది. "ఆ అగ్నిప్రమాదం రిపోర్టు కింద సంతకం ఎవరిదో కూడా చదవండి."

ఆమెకి చదవక్కర్లేదు. అది తన సంతకమే. ఆ రోజు గోడౌను ఇంకా పొగలు కక్కుతోందని లోపలికి వెళ్లలేదు. క్లెయిమ్స్ మేనేజరు దొరబాబు గారు ఫోటోలు తెచ్చి ముందు పెట్టి, "నేను కళ్లారా చూసొచ్చాను, సంతకం పెట్టెయ్" అంటే పెట్టేసింది. తనకి ఉద్యోగం నేర్పిన మనిషి. ఈ వేళ పొద్దున, డ్రైవరు సంతకం తీసుకుని గంటలో వచ్చెయ్ అని పంపించిన మనిషి కూడా ఆయనే.

కింద కూర్చున్న మనిషి తను చేయని పనికి సంతకం పెట్టనని రెండు రోజులుగా భీష్మించుకున్నాడు. అరుణజ్యోతి మాత్రం తను చూడని దానికి ఒక్క నిమిషంలో పెట్టేసింది.

"ఇది బయటపెడితే ముందు మీరే మునుగుతారు," అన్నాడు ఉదయ్‌కుమార్. "కార్డులు మళ్లీ పెట్టెల్లో పెట్టేయండి. డ్రైవరుని కూడా వదిలేస్తాం. ఖలాస్. ఎవరికీ నష్టం లేదు."

అరుణజ్యోతి ఫోన్‌లో కొత్త రిపోర్టు తెరిచింది. మొదటి పంక్తి పైకి చదువుతూ టైపు చేసింది. "పోయిన ఏడాది ఏప్రిల్ క్లెయిములో నేను సరుకు చూడకుండా సంతకం పెట్టాను. అది నా తప్పు." ఆపి అతని వైపు చూసింది. "రెండో పంక్తి నుంచి మీ గురించి."

అప్పుడే ఫోను మోగింది. తెర మీద దొరబాబు పేరు. ఆమె స్పీకరు పెట్టింది.

"అమ్మాయ్," ఎప్పటిలాగే నిదానమైన గొంతు. "కాలిపోయిన కార్డుల గొడవ మనకెందుకమ్మా? ఉన్నవి ఉన్నట్టు అక్కడే వదిలేసి కిందికి దిగు."

కార్డులు దొరికాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. అవి కాలిపోయిన కార్డులన్న మాట ఇంకా ఆమె పెదవి కూడా దాటలేదు. ఉదయ్‌కుమార్ ఇందాక టైపు చేసింది ఎవరికో తెలిసిపోయింది.

"మీరెక్కడున్నారు సార్?"

"కింద గేటు దగ్గర. నీ ఇఖామా కాగితాలు రెన్యూవల్‌కి నా బల్ల మీదే ఉన్నాయన్న సంగతి మర్చిపోకు. నేను పైకి వస్తున్నాను, కూచుని మాట్లాడుకుందాం."

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఉదయ్‌కుమార్ తలుపు దగ్గరికి జరిగి, చేతులు కట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు.

అరుణజ్యోతి మణికట్టు వాచీ చూసుకుంది. మూడూ యాభై ఎనిమిది. ఆరు కార్డులనీ బల్ల మీద వరసగా పేర్చి, వాటి ముందు తన ఫోను నిలబెట్టి రికార్డింగు నొక్కింది.

"సాయిబాబు గారూ, గేటు దగ్గరున్న యజమాని కొడుక్కి ఫోన్ చేసి ఈశ్వరయ్య గారిని వెంటబెట్టుకుని పైకి రమ్మనండి," అంది. "ఇక్కడింకో కుర్చీ వేయండి. దొరబాబు గారు వస్తున్నారు. వాంగ్మూలాలు ఆయనతోనే మొదలుపెడదాం."